పోపుల డబ్బాలో 512 ఎంబీ

2024 జులై 19, శుక్రవారం గుర్తుందా? ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అలాంటి కాగితం ఫొటో ఒకటి దేశమంతా తిరిగింది. ప్రపంచం నలుమూలలా ఎయిర్‌పోర్టుల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో కంప్యూటర్లు నీలం తెర కప్పుకుని కూర్చున్నాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ మెషిన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ తర్వాత లెక్క చెప్పింది.

ఆ రోజు అందరూ 'ఎప్పుడు బాగవుతుంది' అని అడిగారు. మా వృత్తిలో ఉన్నవాళ్లకి దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంటుంది. 'ఎందుకు పడింది? ఎలా తెలుసుకుంటారు?' కారణం కొద్ది రోజుల్లోనే బయటికొచ్చింది. ఆ ప్రోగ్రాము చేతిలో ఉన్నవి 20 విలువలు. కొత్త అప్‌డేట్ 21వ దాన్ని చూడమంది. లేనిదాని కోసం చెయ్యి చాచి, తనది కాని మెమరీని ముట్టుకుంది. అంతే, ఆపరేటింగ్ సిస్టమ్ కుప్పకూలింది. మైక్రోసాఫ్ట్ కూడా ఆ మెషిన్ల క్రాష్ డంప్‌లు విప్పి చూసి, ఫలానా చోట ఫలానా అడ్రసు చదవబోయి పడిపోయిందని ప్రకటించింది.

క్రాష్ డంప్ అంటే మెషిన్ పడిపోయిన క్షణంలో దాని మెమరీలో ఏముందో ఉన్నదున్నట్టు తీసిన నకలు. పోలీసు భాషలో చెప్పాలంటే పంచనామా. శవం ఎలా పడి ఉంది, చేతిలో ఏముంది, చివరగా ఎవరితో మాట్లాడింది, అన్నీ అందులో ఉంటాయి.

ఇక్కడే ఒక చిక్కుంది. పోయినవాడి పంచనామా ఊళ్లో పెద్దమనుషుల సమక్షంలో పోలీసులు రాస్తారు. కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమే పోతే ఇంకెవరున్నారు రాయడానికి? డిస్కు మీద ఒక్క అక్షరం పడాలన్నా ఆ ఆపరేటింగ్ సిస్టమే కదా రాయాలి?

నేను పనిచేసేది లైనక్స్ సర్వర్ల మీద. మీరు ఫోన్‌లో డబ్బు పంపినా, రైలు టికెట్ తీసినా, సినిమా చూసినా వెనకాల ఎక్కడో ఒక లైనక్స్ సర్వర్ ఉండే ఉంటుంది. ఈ చిక్కుకి లైనక్స్ వాళ్లు కనిపెట్టిన ఉపాయం వినగానే నాకు మా అమ్మ పోపుల డబ్బా గుర్తొచ్చింది. అదెలాగో చెప్తాను.

'ఒరేయ్, మళ్లీ ఆన్ చెయ్యండ్రా'

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. మామూలు యాప్ ఒకటి తప్పు చేస్తే ఆ యాప్ ఒక్కటే మూసుకుపోతుంది, మళ్లీ తెరుచుకుంటాం. కెర్నెల్ తప్పు చేస్తే దానిపైన చెప్పేవాళ్లు లేరు. ఇక ముందుకెళ్తే ఉన్న డేటా కూడా పాడవుతుందని అనుమానం వస్తే అది తనంతట తనే ఆగిపోతుంది. దీనికి 'కెర్నెల్ పానిక్' అని పేరు.

ఈ పానిక్ అనే మాట యూనిక్స్ పుట్టిన రోజుల నాటిది. దాని వెనక ఓ ముచ్చట ఉంది. యూనిక్స్‌కి ముందు మల్టిక్స్ అని ఒక పెద్ద సిస్టమ్ ఉండేది. దాని మీద పనిచేసిన టామ్ వాన్ వ్లెక్, యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెన్నిస్ రిచీతో ఓసారి, మేం మల్టిక్స్‌లో రాసేదాంట్లో సగం తప్పులు సరిదిద్దుకునే కోడే అన్నాడట. రిచీ అదంతా మేం వదిలేశాం అన్నాడు. తప్పొస్తే పానిక్ అనే రొటీన్ ఒకటి ఉంది, అది పిలవగానే మెషిన్ పడిపోతుంది, అప్పుడు వరండాలోకి కేకేసి మళ్లీ ఆన్ చెయ్యమని చెప్తాం అన్నాడట. వాన్ వ్లెక్కే రాసుకున్న జ్ఞాపకం ఇది.

అరవై ఏళ్లు కావస్తున్నా మా నైట్ షిఫ్టుల్లో వైద్యం ఇప్పటికీ అదే. మెషిన్ పడిందా, రీస్టార్ట్ చెయ్. లేచిందా, టికెట్ క్లోజ్ చెయ్.

ఓసారి ఇంటి దగ్గర్నుంచి పనిచేస్తూ రాత్రంతా కాల్‌లో ఉన్నాను. పొద్దున అమ్మ అడిగింది. "రాత్రంతా ఎవరితోరా ఆ మాటలు?"

"ఒక సర్వర్ పడిపోయిందమ్మా. మళ్లీ లేపాం."

"ఎందుకు పడిపోయిందట?"

"తెలీదు."

"తెలీకుండా లేపితే మళ్లీ పడదూ?"

నా దగ్గర సమాధానం లేదు. డిగ్రీలు లేకపోయినా అమ్మలు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు.

పోయేవాడి చేతికి కలం ఇవ్వకూడదు

లైనక్స్‌లో మొదట్లో ఉన్న పద్ధతులు పోతున్న కెర్నెల్‌తోనే పంచనామా రాయించేవి. డిస్క్‌డంప్, నెట్‌డంప్, ఎల్‌కేసీడీ అని పేర్లు. డిస్క్‌డంప్ డిస్కులోకి రాసేది, నెట్‌డంప్ నెట్‌వర్క్ మీదుగా ఇంకో మెషిన్‌కి పంపేది. రెండింటిదీ ఒకటే బలహీనత. డిస్కుని నడిపే డ్రైవరే చెడి మెషిన్ పడిపోయిందనుకోండి, ఆ డ్రైవర్ చేతికే కలం ఇచ్చి వాంగ్మూలం రాయమన్నట్టు. రాయకపోతే ఒక బాధ. తప్పు చోట రాస్తే ఇంకా పెద్ద బాధ, బాగున్న డేటా మీద చెత్త పడుతుంది.

2005లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన లైనక్స్ సదస్సులో ముగ్గురు కలిసి ఒక పత్రం సమర్పించారు. వివేక్ గోయల్, ఎరిక్ బీడర్‌మన్, హరిప్రసాద్ నెల్లితీర్థ. ముగ్గురిలో ఇద్దరివి మన పేర్లే, చూశారా! ఆ పత్రంలో వివరించిన పద్ధతి పేరు కేడంప్. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన 2.6.13 కెర్నెల్‌లో చేరింది. ఇప్పటికీ నడుస్తోంది.

ఆలోచన ఇది. చచ్చిన కెర్నెల్‌ని నమ్మొద్దు. దానితో ఏ పనీ చేయించొద్దు. ముందే ఇంకో చిన్న కెర్నెల్‌ని సిద్ధంగా పెట్టుకో. పెద్దది పడిపోగానే చిన్నది లేచి, దాని మెమరీని బయటివాడిలా చూసి నకలు తీస్తుంది.

మరి ఆ చిన్న కెర్నెల్ ఎక్కడ ఉండాలి? డిస్కులో ఉంచితే, పడిపోయాక దాన్ని అక్కడి నుంచి తెచ్చేదెవరు? కాబట్టి ర్యామ్‌లోనే ఉండాలి. ఆ చోటు పెద్ద కెర్నెల్ ఎప్పుడూ ముట్టుకోనిదై ఉండాలి. మెషిన్ ఆన్ అయిన తొలి క్షణాల్లో, ఇంకా ఏ ప్రోగ్రామూ మొదలవ్వక ముందే, ఉన్న ర్యామ్‌లోంచి ఒక ముక్క తీసి పక్కన పెట్టేస్తారు. ఎంత తియ్యాలో 'క్రాష్‌కెర్నెల్' అనే సెట్టింగ్‌లో రాస్తారు. ఇక ఆ ముక్క ఎవరికీ కనబడదు. మెషిన్‌లో ఎంత మెమరీ ఉందని అడిగితే ఆ ముక్క తీసేసి మిగిలింది చెప్తుంది.

అదే పోపుల డబ్బా. మా అమ్మ ఆవాల గిన్నె కింద నాలుగు మడతలు పెట్టి నోట్లు దాచేది. నెలాఖరులో నాన్న జేబులు తడుముకుంటున్నా అవి బయటికి వచ్చేవి కావు. ఇంటి లెక్కలో అవి లేవంతే. ఎవరికైనా రాత్రిపూట జ్వరం వచ్చి ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తే మాత్రం ఆవాల కింద నుంచి వచ్చేవి. (2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఎన్ని ఇళ్లలో ఎన్ని డబ్బాల గుట్టు రట్టయిందో మీకు తెలిసే ఉంటుంది. మా ఇల్లూ అందులో ఉంది.)

పానిక్ రాగానే మొదట మిగతా ప్రాసెసర్లన్నిటినీ ఎక్కడివాళ్లని అక్కడే ఆపేస్తారు. ప్రాసెసర్ చేతిలో ఆ క్షణాన ఉన్న విలువల్ని భద్రపరుస్తారు. తర్వాత మెషిన్‌ని మామూలుగా రీస్టార్ట్ చెయ్యకుండా నేరుగా ఆ చిన్న కెర్నెల్‌లోకి దూకేస్తారు. మామూలుగా రీస్టార్ట్ చేస్తే ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోవచ్చు, సాక్ష్యం పోతుంది. ఇలా ఒక కెర్నెల్ నుంచి ఇంకోదాంట్లోకి దూకించే యంత్రాంగం పేరు కెఎగ్జెక్.

ఆ దూకుడుకి మధ్యలో ఒక చిన్న కోడ్ ముక్క ఉంది. రక్షిత చోటులో పెట్టిన కెర్నెల్ మనం పెట్టినట్టే ఉందా, ఎవరైనా పాడు చేశారా అని దాని వేలిముద్ర సరిచూస్తుంది. సరిపోతేనే దారి ఇస్తుంది. దాని పేరు పర్గేటరీ. క్యాథలిక్కుల నమ్మకంలో చనిపోయిన ఆత్మలు స్వర్గానికి చేరేముందు శుద్ధి కోసం ఆగే చోటు అది. మనవాళ్లు రాసి ఉంటే వైతరణి అని పెట్టేవాళ్లేమో!

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. నెట్‌వర్క్ కార్డులు, డిస్కు కంట్రోలర్లు ప్రాసెసర్‌ని అడక్కుండానే నేరుగా మెమరీలో రాసేయగలవు. పెద్ద కెర్నెల్ చచ్చిపోయిన సంగతి వాటికి తెలీదు. యజమాని పోయినా పాలవాడు పొద్దున్నే గుమ్మంలో ప్యాకెట్ పెట్టి వెళ్లినట్టు, అవి తమకి ముందు చెప్పిన చోట రాస్తూనే ఉంటాయి. చిన్న కెర్నెల్ ఆ చోట్లలో లేచి ఉంటే దాని నెత్తినే రాసేసేవి. మొదటి నుంచీ పక్కన పెట్టిన ముక్కలోకి రాయమని ఏ కార్డుకీ ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి అక్కడ లేచినవాడు క్షేమం. అప్పటికప్పుడు ఎక్కడో ఖాళీ చూసుకుందాంలే అంటే కుదరకపోవడానికి ఇదే పెద్ద కారణం.

ఎంత పక్కన పెట్టాలి?

చిన్న కెర్నెల్‌కి ప్రపంచమంతా ఆ ముక్కే. సర్వర్‌లో 256 జీబీ ర్యామ్ ఉండనివ్వండి, 512 ఎంబీ పక్కన పెడితే అది 512 ఎంబీలోనే బతకాలి. అందుకే దాన్ని సాధారణంగా ఒకే ప్రాసెసర్‌తో, అవసరమైన డ్రైవర్లతో మాత్రమే లేపుతారు. పాత మెమరీ మొత్తం దానికి ఒక పెద్ద ఫైల్‌లా కనిపిస్తుంది. అందులోంచి ఖాళీ పేజీలు, సున్నాలు నిండిన పేజీలు, డిస్కులో ఎలాగూ ఉన్నవాటి కాపీలు, మామూలు ప్రోగ్రాముల సొంత డేటా వదిలేసి, కెర్నెల్‌కి సంబంధించినది మాత్రమే కుదించి రాసే టూల్ ఉంది. అందువల్ల 256 జీబీ మెషిన్ డంప్ కూడా చాలాసార్లు కొద్ది జీబీలకే తెగుతుంది.

ముక్క చిన్నదైతే? చిన్న కెర్నెల్ లేస్తుంది, డ్రైవర్లు ఎక్కించుకుంటుంది, మెమరీ చాలక అదీ పోతుంది. పంచనామా రాయడానికి వచ్చినవాడు కూడా గుమ్మంలోనే పడిపోయాడన్నమాట. పొద్దున చూస్తే ఏమీ ఉండదు.

పెద్దదైతే డబ్బు దండగ అని పోట్లాట. రెడ్‌హ్యాట్ లైనక్స్‌లో చాలాకాలం 'ఆటో' అని రాసేస్తే అదే లెక్క వేసుకునేది. 9వ వెర్షన్‌లో ఆ ఆటో తీసేసి లెక్క పైకే రాశారు. మామూలు ఇంటెల్ తరహా మెషిన్లలో 1 నుంచి 4 జీబీ ర్యామ్ ఉంటే 192 ఎంబీ, 4 నుంచి 64 జీబీ ఉంటే 256 ఎంబీ, అంతకు మించితే 512 ఎంబీ. 2 జీబీ ఉన్న చిన్న క్లౌడ్ మెషిన్‌కి 192 ఎంబీ అంటే దాదాపు పదో వంతు. అద్దెకి తీసుకున్న ఇంట్లో ఒక గదికి తాళం వేసుకున్నట్టే. పెద్ద సర్వర్‌కి 512 ఎంబీ లెక్కలోకి రాదు. కానీ అలాంటి సర్వర్లు వెయ్యి ఉన్నచోట కాగితం మీద కూడితే 500 జీబీ. ఖర్చులు తగ్గించే మీటింగ్‌లో ఆ అంకె స్క్రీన్ మీద పడిందంటే ఎవరో ఒకరు అడుగుతారు, "ఇది ఊరికే పడుందిగా?" అని.

మా దగ్గర అదే జరిగింది. నేను ఆ టీమ్‌లో చేరే నాటికే జరిగిపోయింది.

రాత్రి రెండున్నర

మేం చూసేది ఒక క్లయింట్ సర్వర్లు. ఎవరని చెప్పను, అవసరం కూడా లేదు. పది రోజులకోసారి, ఒక్కోసారి పన్నెండు రోజులకి, వాటిలో ఏదో ఒకటి రాత్రి రెండున్నర ప్రాంతంలో దానంతటదే పడి లేచేది. లాగ్ చూస్తే చివరి లైను మామూలుగా ఉంటుంది. దాని కిందే కొత్తగా బూట్ అయిన లైన్లు. మధ్యలో ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. మెమరీ రిజర్వేషన్ తీసేసిన మెషిన్లు కదా, డంప్ ఎక్కడి నుంచి వస్తుంది?

అప్లికేషన్ వాళ్లు మావాళ్లని అన్నారు. మావాళ్లు హార్డ్‌వేర్ అన్నారు. హార్డ్‌వేర్ కంపెనీ వాళ్లు మర్యాదగా రెండు మెషిన్లలో ర్యామ్ కార్డులు మార్చారు, డంప్ పంపితే ఇంకా చూస్తామన్నారు. నాలుగోసారి పడ్డాక ఎవరో లాగిన్ల రికార్డు తీశారు. నాలుగింటిలో మూడుసార్లు ఆ నిమిషానికి మెషిన్ మీద లాగిన్ అయి ఉన్నది ఒకే ఐడీ. రాత్రి షిఫ్టు చూసే కాంట్రాక్టు కుర్రాడిది.

ఆ కుర్రాడికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చేరి ఎనిమిది నెలలు. నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నేను రీబూట్ కొట్టలేదన్నా. చెక్‌లిస్టులో ఉన్నవే కొట్టాను. మీరైనా చెప్పండన్నా."

ఏమని చెప్పాలి? అతను కొట్టలేదని నాకు నమ్మకమే. మీటింగ్‌లో నా నమ్మకానికి విలువేముంది! అటువైపు లాగిన్ టైము ఉంది, సెకన్లతో సహా. ఇటువైపు ఖాళీ. రెండు రోజుల్లో అతన్ని ప్రాజెక్టు నుంచి తీసేశారు. రికార్డులో 'ఆపరేటర్ ఎర్రర్' అని రాశారు. కాంట్రాక్టు మనిషికి బెంచ్ కూడా ఉండదు, ఇంటికే.

అతను వెళ్లిన తొమ్మిదో రోజు మెషిన్ మళ్లీ పడింది. అప్పుడైనా ఆ కుర్రాడిది కాదని ఒప్పుకుంటారనుకున్నాం. 'ఏదో స్క్రిప్టు పెట్టి వెళ్లి ఉంటాడు' అన్నారు. ఒకసారి ముద్ర పడిందంటే ఇక అంతే.

కేడంప్ మళ్లీ పెడదామని మా లీడ్, నేను పట్టుబట్టాం. ఈ సెట్టింగ్ బూట్ సమయంలోనే పనిచేస్తుంది. నడుస్తున్న మెషిన్‌లో పక్కన పెట్టిన ముక్కని తగ్గించడం కుదురుతుంది గానీ పెంచడం కుదరదు. అంటే ప్రతి సర్వర్‌నీ రీబూట్ చెయ్యాలి. దానికి క్లయింట్ అనుమతి కావాలి. ఊరికే పడిపోతున్న మెషిన్లని మేం పడేయడానికి రెండు వారాలు అనుమతుల కోసం తిరిగాం.

పాత డాక్యుమెంట్‌లో 256 ఎంబీ అని ఉంది. అదే పెట్టారు. సర్వీసు పచ్చగా 'రెడీ' అని చూపించింది. మా లీడ్ పాతకాపు, పచ్చరంగుని నమ్మడు. టెస్ట్ మెషిన్ తీసుకుని కావాలనే క్రాష్ చేశాడు. దానికి లైనక్స్‌లోనే ఒక మార్గం ఉంది, కెర్నెల్‌కి ఒక్క అక్షరం పంపితే చాలు, అక్కడికక్కడే పానిక్ అవుతుంది. అయింది. చిన్న కెర్నెల్ లేచింది. స్టోరేజ్ కార్డు డ్రైవర్ ఎక్కుతుండగా మెమరీ చాలక చచ్చిపోయింది. డంప్ లేదు. 512 చేశాం. ఈసారి డంప్ పడింది. అసలు సర్వర్ల మీద 256తోనే వదిలేసి ఉంటే ఇంకో పది రోజులు ఎదురుచూసి మళ్లీ ఖాళీ చేతులే.

తర్వాత ఎదురుచూపులు. ఏ సర్వర్ పడకూడదని జీతం తీసుకుంటున్నామో, అది ఎప్పుడు పడుతుందా అని పదకొండు రాత్రులు చూశాం. పన్నెండో రాత్రి 2:31కి పడింది. పొద్దున్నే ఫోల్డర్‌లో 3 జీబీ పైన ఫైల్ ఉంది. మా లీడ్ టీ కూడా తాగకుండా తెరిచాడు.

డంప్ చదవడానికి ఉన్న టూల్ పేరు కూడా 'క్రాష్' అనే. అందులో వెనక్కి నడుచుకుంటూ వెళ్లొచ్చు. పడిపోయే క్షణంలో ఏ ఫంక్షన్ నడుస్తోంది, దాన్ని ఎవరు పిలిచారు, వాళ్లని ఎవరు పిలిచారు. మూడో మెట్టులోనే దొరికింది. బయటి కంపెనీ నుంచి కొని కెర్నెల్‌లో ఎక్కించిన మానిటరింగ్ మాడ్యూల్. అది రాత్రి రెండున్నరకి తన పాత లెక్కలు చెరిపి ఆ మెమరీని వదిలేస్తుంది. సరిగ్గా అదే వేళకి మా చెక్‌లిస్టు ప్రకారం షిఫ్టులో ఉన్న మనిషి ఆ లెక్కల ఫైల్ చదవాలి. రెండూ ఒకే క్షణంలో కలిస్తే, వదిలేసిన మెమరీలోకి మళ్లీ చెయ్యి పెట్టి పడిపోతుంది. కలవకపోతే ఏమీ కాదు. అందుకే పది రోజులకోసారి.

అంటే లాగిన్ రికార్డు అబద్ధం చెప్పలేదు. ఆ కుర్రాడి కమాండ్ వల్లే మెషిన్ పడింది. మేం కొట్టమన్న కమాండ్, కొట్టమన్న వేళకి, వరస తప్పకుండా కొట్టాడు. శ్రద్ధగా చేశాడు కాబట్టే మూడుసార్లు దొరికాడు. చెక్‌లిస్టుని కాస్త ఆలస్యంగా, తీరిగ్గా చేసే వాళ్ల షిఫ్టుల్లో మెషిన్ పడలేదు.

మాడ్యూల్ కంపెనీ డంప్ చూసి మారు మాట్లాడకుండా ప్యాచ్ ఇచ్చింది. రికార్డులో 'ఆపరేటర్ ఎర్రర్' అన్న మాట 'సాఫ్ట్‌వేర్ డిఫెక్ట్'గా మారడానికి మాత్రం ఇంకో మూడు వారాలు పట్టింది. కోడ్ మార్చడం తేలిక, కొట్టేసిన మాట వెనక్కి తీసుకోవడం కష్టం.

కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాట మెయిల్‌లో పెట్టిస్తారా అన్నా? ఇంటర్వ్యూల్లో ఎందుకు తీసేశారని అడుగుతున్నారు" అన్నాడు. మా లీడ్ మేనేజర్ పక్కన కూర్చుని ఆ మెయిల్ పంపించాడు. ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. ఆ సీటులో అప్పటికే ఇంకొకరున్నారు.

డబ్బాలో డబ్బు ఉందో లేదో

ఈ పనిలో ఉన్న పాఠకులు కొందరైనా ఉంటారు కాబట్టి రెండు మాటలు. రిజర్వేషన్ ఉంది, సర్వీసు నడుస్తోంది అంటే డంప్ పడుతుందని కాదు. టెస్ట్ మెషిన్ మీద నిజంగా పడేసి చూడాలి. కొత్త స్టోరేజ్ కార్డు వచ్చినా, కెర్నెల్ వెర్షన్ మారినా మళ్లీ చూడాలి. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే ఇంకో తంటా ఉంది. ఇప్పటి పద్ధతుల్లో ఆ తాళం తియ్యడానికే ఒక్కోసారి 1 జీబీ దాకా మెమరీ కావాలి, అదీ దొంగలకి కష్టం కావాలని కావాలనే అలా పెట్టారు. 512 ఎంబీలో లేచిన చిన్న కెర్నెల్ ఆ తాళం ముందు నిలబడి చూస్తూ ఉండిపోతుంది. పైగా అర్ధరాత్రి పాస్‌వర్డ్ కొట్టేదెవరు? అలాంటి చోట డంప్‌ని నెట్‌వర్క్ మీద వేరే మెషిన్‌కి పంపేలా పెట్టుకోవడం మేలు.

ఇంకోటి, డంప్ ఫైల్ అంటే మెమరీ నకలు. ప్రోగ్రాముల డేటా వదిలేసినా కెర్నెల్ చేతిలో ఆ క్షణాన ఉన్న నెట్‌వర్క్ సమాచారం, తాళంచెవులు, ఫైళ్ల పేర్లు అందులో ఉండొచ్చు. బ్యాంకు సర్వర్ డంప్‌ని సపోర్టు వాళ్లడిగారు కదా అని మెయిల్‌లో పెట్టి పంపేవాళ్లని చూశాను. పోస్టుమార్టం రిపోర్టుని నోటీసు బోర్డులో అంటించినట్టుంటుంది అది.

ఈ పనితో సంబంధం లేనివాళ్లకి కూడా ఒక మాట. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల కూడా లైనక్స్ కెర్నెలే ఉంది. ఫోన్‌లో మొత్తం డంప్ తీసేంత చోటు పక్కన పెట్టరు. దాని బదులు చాలా ఫోన్లలో ర్యామ్‌లో ఒక చిన్న ముక్క వదిలిపెడతారు. దానికి రామూప్స్ అని పేరు. పేరులో రాముడు లేడండీ, ర్యామ్, ఊప్స్ కలిపి పెట్టారు. ఊప్స్ అంటే 'అయ్యో' అన్నట్టు. లైనక్స్‌లో కెర్నెల్ తప్పుకి ముద్దుపేరు అది. పడిపోయే ముందు కెర్నెల్ చెప్పిన చివరి మాటలు ఆ ముక్కలో ఉంటాయి, కరెంటు పూర్తిగా పోకుండా రీస్టార్ట్ అయితే అవి చెరిగిపోవు. కొత్తగా లేచిన ఫోన్ వాటిని చదివి పక్కన దాచుకుంటుంది.

ఈసారి ఫోన్ దానంతటదే ఆగి లేస్తే, సర్వీస్ సెంటర్‌లో "మొత్తం రీసెట్ కొట్టేస్తాం సార్" అనగానే సరే అనకండి. డెవలపర్ ఆప్షన్స్‌లో బగ్ రిపోర్టు తీసే బటన్ ఉంటుంది. ముందు అది తీసి ఇమ్మనండి, ఆ చివరి మాటలు దొరికితే అందులోనే దొరకాలి. రీసెట్ తర్వాత ఇక ఎవరడిగినా దొరకవు.